జన్యు వ్యక్తీకరణలో రొద

జన్యు వ్యక్తీకరణలో రొద అనగా ఒకే జన్యుపదార్థం కలిగి, ఒకే పరిసరాలలో పెరుగుతున్న కణాలలో సైతం ఒక్కొక్క ప్రోటీను పరిమాణం కణానికీ కణానికీ మధ్య, అదే కణంలో ఒక వేళకూ మరొక వేళకూ మధ్య యాదృచ్ఛికంగా మారుతూ ఉండటం. రేడియోలో అసలు మాటతో కలిసి వినిపించే గరగర శబ్దాన్ని ఇంజనీర్లు రొద అంటారు. జీవశాస్త్రజ్ఞులు ఆ పేరునే ఇక్కడ వాడుకున్నారు. ఈ రొదను కణాలు చాలావరకు అదుపులో ఉంచుతాయి, కొన్ని సందర్భాలలో ఉపయోగించుకుంటాయి కూడా. క్షయ వ్యాధి చికిత్స నెలల తరబడి ఎందుకు సాగవలసి వస్తుందో తెలుసుకొనటానికి ఈ విషయం కొంతవరకు తోడ్పడుతుంది. వికారాబాదు సమీపంలోని అనంతగిరి క్షయ ఆసుపత్రి వంటి పాత ఆరోగ్య కేంద్రాల చరిత్రకు ఈ వ్యాసంలో చోటు దక్కినది అందువల్లనే.

నేపథ్యం

జన్యువులోని సమాచారం ముందుగా సందేశ ఆర్‌ఎన్‌ఏగా నకలు చేయబడుతుంది. దీనిని అనులేఖనం అంటారు. ఆ సందేశాన్ని రైబోజోములు చదివి ప్రోటీనును తయారుచేస్తాయి. దీనిని అనువాదం అంటారు. ఈ రెండు మెట్లూ పాఠ్యపుస్తకాలలో ఒక కర్మాగారంలో సరుకు వరుసగా తయారవుతున్నట్లు కనిపిస్తాయి. వాస్తవంలో అంత క్రమం లేదు. కణంలోని అణువులు నిరంతరం ఒకదానితో ఒకటి ఢీకొంటూ తిరుగుతుంటాయి. ఒక జన్యువు ముందుభాగమైన ప్రమోటరును ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజు ఏ క్షణంలో తాకుతుందో, తాకినా పట్టుకొని పని మొదలుపెడుతుందో లేదో ముందుగా చెప్పటానికి వీలులేదు. సగటున ఇంత సమయానికి ఒకసారి జరుగుతుందని మాత్రమే చెప్పగలము.

పాల్గొనే అణువుల సంఖ్య అత్యధికమైనచో ఈ అనిశ్చితి పెద్దగా లెక్కలోనికి రాదు. కానీ బాక్టీరియాలో ఒక జన్యువుకు సాధారణంగా ఒకటి రెండు నకళ్ళు మాత్రమే ఉంటాయి. చాలా జన్యువుల సందేశ ఆర్‌ఎన్‌ఏ ఒక కణంలో ఏ క్షణంలోనైనా ఒకటో రెండో ఉంటుంది, లేదా అసలే ఉండదు. ఇంత చిన్న సంఖ్యలతో నడిచే యంత్రంలో ఒడిదుడుకులు తప్పవు.

దీనిని ఒక ఉదాహరణతో గ్రహించవచ్చును. తాండూరు మార్కెట్టులో బాగా కలియబెట్టిన కందుల రాశి ఒకటి ఉన్నదనుకొందాము. పిడికెడు కందులలో సగటున 4 పుచ్చు గింజలు వస్తాయనుకొంటే, ఒక పిడికిట 2, మరొక పిడికిట 6 రావటంలో వింత లేదు. సగటు నుండి తేడా సగం దాకా ఉన్నది. సగటున 100 పుచ్చు గింజలు వచ్చేటంత పెద్ద పాత్రతో తీస్తే సాధారణంగా 90కీ 110కీ మధ్య వస్తాయి. తేడా పదో వంతు. 10,000 పుచ్చు గింజలు వచ్చేటంత తీసుకుంటే తేడా నూరింట ఒక వంతుకు పడిపోతుంది. సంఖ్య పెరిగిన కొద్దీ తేడా దాని వర్గమూలం ప్రకారం మాత్రమే పెరుగుతుంది కనుక, మొత్తంతో పోల్చినప్పుడు తేడా తగ్గుతుంది. గణితంలో దీనిని పాయిజాన్ విభజన అంటారు. కణం పరిస్థితి పిడికెడు కందుల వంటిది.

చరిత్ర

కణాల మధ్య ఇటువంటి తేడాలను గమనించటం కొత్త విషయమేమీ కాదు. 1957లో ఆరన్ నోవిక్, మిల్టన్ వీనర్ అనే శాస్త్రజ్ఞులు ఇ.కోలై బాక్టీరియాలో లాక్టోజు చక్కెరను విడగొట్టే ఎంజైమును పరిశీలించారు. ప్రేరక పదార్థాన్ని తక్కువ మోతాదులో ఇచ్చినప్పుడు అన్ని కణాలూ తలా కొంచెం ఎంజైమును తయారుచేయలేదు. కొన్ని కణాలు పూర్తిగా తయారుచేశాయి, మిగిలినవి అసలు చేయలేదు. మొత్తం బాక్టీరియాను కలిపి కొలిచినప్పుడు కనిపించే సగటు నిజానికి ఏ ఒక్క కణంలోనూ లేదన్నమాట. 1976లో జాన్ స్పూడిక్, డేనియల్ కోష్‌లాండ్ సాల్మొనెల్లా బాక్టీరియా ఈదే తీరులో వ్యక్తిగత భేదాలు ఉన్నాయనీ, అవి ఆ కణం జీవితకాలమంతా నిలుస్తాయనీ చూపి, కొద్ది సంఖ్యలో ఉండే అణువుల ఒడిదుడుకులే ఇందుకు కారణం కావచ్చునని ప్రతిపాదించారు.

అటు తరువాత చాలాకాలం ఈ విషయం ముందుకు సాగలేదు. సజీవంగా ఉన్న ఒకే ఒక కణంలో ప్రోటీనును కొలిచే సాధనం లేకపోవటమే ప్రధాన కారణం. జెల్లీచేప నుండి లభించిన ఆకుపచ్చ మెరుపు ప్రోటీను 1990లలో ప్రయోగశాలలకు చేరిన తరువాత పరిస్థితి మారినది. మనకు కావలసిన జన్యువు వెనుక ఈ మెరుపు ప్రోటీను జన్యువును అతికిస్తే, కణం ఎంత మెరిస్తే జన్యువు అంత పనిచేస్తున్నట్లు లెక్క.

2002లో మైకేల్ ఎలోవిట్జ్, ఆయన సహచరులు చేసిన ప్రయోగం ఈ రంగానికి పునాది అని చెప్పవచ్చును. వారు ఇ.కోలై కణంలో ఒకే రకమైన ప్రమోటరు వెనుక రెండు వేర్వేరు రంగుల మెరుపు ప్రోటీనులను ఉంచారు. రెండింటికీ ఆదేశం ఒక్కటే, కణమూ ఒక్కటే. కణంలోని సామాన్య కారణాల వలన మాత్రమే తేడాలు వస్తున్నట్లయితే రెండు రంగులూ కలిసి పెరిగి కలిసి తగ్గాలి. ప్రయోగంలో కొన్ని కణాలలో ఒక రంగు, కొన్నింటిలో మరొక రంగు ఎక్కువగా కనిపించినవి. దీనివలన రొదలో రెండు భాగాలు ఉన్నాయని తేలినది. ఆ జన్యువు వద్దనే జరిగే యాదృచ్ఛిక చర్యల వలన పుట్టేది అంతర్గత రొద. రైబోజోముల సంఖ్య, కణం పరిమాణం, విభజన దశ మొదలైన వాటిలోని తేడాల వలన అన్ని జన్యువులనూ ఒకేసారి కదిలించేది బాహ్య రొద. ప్రయోగం ఎంత సులువైనదో అంత పదునైనది. ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడా బొమ్మ గీసి చెప్పగలిగినంత స్పష్టత దానికి ఉన్నది.

2010లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో సన్నీ షీ బృందం ఇ.కోలైలోని వెయ్యికి పైగా ప్రోటీనులను ఒక్కొక్క కణంలో లెక్కించినది. తక్కువ సంఖ్యలో ఉండే ప్రోటీనుల రొద పైన చెప్పిన కందుల లెక్కను అనుసరించే పద్ధతిలో తగ్గుతూ వచ్చినది. కానీ ఎక్కువ సంఖ్యలో ఉండే ప్రోటీనులలో అది ఒక స్థాయికి దిగువకు పోలేదు. ఆ మిగిలినది బాహ్య రొద. ఒకే కణంలో ఒక జన్యువు సందేశ ఆర్‌ఎన్‌ఏ సంఖ్యకూ దాని ప్రోటీను సంఖ్యకూ ఏ సంబంధమూ కనిపించకపోవటం ఈ పరిశోధనలో మరొక విశేషం. బాక్టీరియాలో సందేశం కొద్ది నిమిషాలలో నశిస్తుంది, ప్రోటీను గంటల తరబడి నిలుస్తుంది. కనుక ఈ క్షణంలో ఉన్న ప్రోటీను ఎప్పుడో వచ్చి పోయిన సందేశాల ఫలితం.

పుట్టుక: విడతలుగా తయారీ

జన్యువులు చాలావరకు ధారగా పనిచేయవు. కొంతసేపు ఊరకుండి, ఒక్కసారిగా కొన్ని సందేశాలను వెలువరించి, మళ్ళీ ఊరకుంటాయి. 2005లో ఇడో గోల్డింగ్ బృందం ఇ.కోలైలోను, 2006లో అర్జున్ రాజ్ బృందం క్షీరదాల కణాలలోను దీనిని ప్రత్యక్షంగా చూపినవి. మన కణాలలో డీఎన్‌ఏ హిస్టోనుల చుట్టూ చుట్టబడి ఉంటుంది. ఆ చుట్ట విప్పుకొనటం, ముడుచుకొనటం అనులేఖనం విడతలుగా జరగటానికి ఒక ముఖ్య కారణం. బాక్టీరియాలో హిస్టోనులు లేవు. అక్కడ అనులేఖనం జరిగిన కొద్దీ డీఎన్‌ఏ మెలిపడి పని ఆగిపోవటం, గైరేజు అనే ఎంజైము వచ్చి ఆ మెలిని విప్పిన తరువాత పని మళ్ళీ మొదలవటం ఒక కారణమని 2014లో తేలినది.

దీనికి తోడు ప్రతి సందేశమూ తన జీవితకాలంలో అనేకసార్లు అనువదింపబడుతుంది. అందువలన ఒక్క సందేశం అధికంగా వచ్చినా ప్రోటీనులు పదుల సంఖ్యలో పెరుగుతాయి. ఒకే సగటు ప్రోటీనును రెండు విధాలుగా తయారుచేయవచ్చును. సందేశాలు తక్కువ, ఒక్కొక్కదాని నుండి ప్రోటీనులు ఎక్కువ అనేది ఒక పద్ధతి. సందేశాలు ఎక్కువ, ఒక్కొక్కదాని నుండి ప్రోటీనులు తక్కువ అనేది రెండవది. మొదటిది చవక, కానీ రొద ఎక్కువ. రెండవదానికి శక్తి వ్యయం ఎక్కువ, రొద తక్కువ. 2002లో బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియా మీద జరిగిన ప్రయోగాలు ఈ సూత్రాన్ని సమర్థించినవి.

కణాలు రొదను అదుపుచేసే పద్ధతులు

మొదటి పద్ధతి పైన చెప్పిన వ్యయాన్ని భరించటమే. 2004లో హంటర్ ఫ్రేజర్, ఆయన సహచరులు ఈస్టు కణాలలోని జన్యువులను పరిశీలించారు. లేకపోతే కణం చనిపోయేటంత అవసరమైన ప్రోటీనులు, అనేక భాగాలు కలిసి ఏర్పడే సముదాయాలలోని ప్రోటీనులు సాధారణంగా అధిక అనులేఖనం, తక్కువ అనువాదం అనే ఖర్చుతో కూడిన మార్గంలోనే తయారవుతున్నట్లు వారు గుర్తించారు. ఇది సహేతుకమే. నాలుగు కాళ్ళ మంచానికి మూడు కాళ్ళు మాత్రమే తయారై, పట్టెలు పది వస్తే ఉపయోగమేమి? పరిణామక్రమంలో ప్రకృతి ఎక్కడ ఖర్చు పెట్టాలో అక్కడ పెట్టినదని ఈ ఫలితం సూచిస్తున్నది.

రెండవది కాలాన్ని ఆధారం చేసుకొని సగటును పొందటం. ఎక్కువకాలం నిలిచే ప్రోటీను విషయంలో ఈ గంటలో వచ్చిన కొరత మరొక గంటలో వచ్చిన మిగులుతో సరిపోతుంది. చెరువు నీటిమట్టం ఒక్క వానకు పెద్దగా మారదు, గుంట మట్టం మారుతుంది. అయితే నిలకడగల ప్రోటీనుతో ఒక ఇబ్బంది ఉన్నది. పరిస్థితులు మారినప్పుడు దానిని త్వరగా తగ్గించటం సాధ్యం కాదు.

మూడవది వ్యతిరేక ఫీడ్‌బ్యాక్. దీని గురించి కొంత వివరంగా తెలుసుకొనవలసి ఉన్నది. ఇంటి మీది నీళ్ళ ట్యాంకులో తేలే బంతి వాల్వు అందరికీ తెలిసినదే. నీరు పెరిగితే బంతి లేచి గొట్టాన్ని మూస్తుంది, తగ్గితే దిగి తెరుస్తుంది. కొన్ని ప్రోటీనులు తమ సొంత జన్యువు ప్రమోటరును పట్టుకొని దానిని ఆపివేస్తాయి. ప్రోటీను ఎక్కువైతే తయారీ తగ్గుతుంది, తక్కువైతే తయారీ పెరుగుతుంది. 2000లో అటిలా బెచ్‌కెయి, లూయిస్ సెరానో ఇ.కోలైలో ఇటువంటి వలయాన్ని కృత్రిమంగా నిర్మించారు. టెట్ఆర్ అనే నిరోధక ప్రోటీనుకు మెరుపు ప్రోటీనును జతచేసి, అది తన జన్యువును తానే నిరోధించేటట్లు ఏర్పాటుచేశారు. ఆ నిరోధాన్ని తొలగించిన కణాలతో పోలిస్తే నిరోధం ఉన్న కణాలలో మెరుపు మోతాదు చాలా సమానంగా ఉన్నది. ఇ.కోలైలోని అనులేఖన నియంత్రకాలలో తమను తాము నిరోధించుకొనేవి పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఈ ఏర్పాటు ఎంత ఉపయోగకరమైనదో దానిని బట్టి ఊహించవచ్చును.

ఫీడ్‌బ్యాక్ ఎంత బలంగా ఉంటే అంత మంచిదని అనుకొనరాదు. స్నానపు గదిలో వేడినీళ్ళ గొట్టం పొడవుగా ఉన్నప్పుడు కుళాయిని ఎక్కువ తిప్పితే నీళ్ళు మొదట చల్లగా, తరువాత భరించలేనంత వేడిగా వస్తాయి. కణంలోను అంతే. జన్యువు ఆగిన తరువాత కూడా అప్పటికే ఉన్న సందేశాల నుండి ప్రోటీను వస్తూనే ఉంటుంది. ఈ ఆలస్యం వలన బలమైన ఫీడ్‌బ్యాక్ స్థిరత్వానికి బదులు ఊగిసలాటను పుట్టించవచ్చును. అంతేకాక నిరోధం మితిమీరితే అణువుల సంఖ్యే పడిపోయి, తగ్గించదలచిన రొద తిరిగి పెరుగుతుంది.

మానవుల కణాలలోను, ఇతర జంతువుల కణాలలోను ఉండే సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలు సందేశ ఆర్‌ఎన్‌ఏలకు అంటుకొని వాటి అనువాదాన్ని తగ్గిస్తాయి. తయారీని పెంచి, ఆ పైన దానిని సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలతో అణచివేయటం చూడటానికి వృథా వ్యయంగా తోస్తుంది. 2015లో ఎలుక పిండ మూలకణాల మీద జరిగిన పరిశోధనలో, తక్కువగా వ్యక్తమయ్యే జన్యువుల రొదను సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏలు తగ్గిస్తున్నాయని, ఎక్కువగా వ్యక్తమయ్యే వాటిలో కొత్తగా రొదను చేరుస్తున్నాయని తేలినది. సూక్ష్మ ఆర్‌ఎన్‌ఏల సంఖ్య కూడా కణానికీ కణానికీ మారుతుంది కదా.

కేంద్రకం విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఏకాభిప్రాయం లేదు. విడతగా వచ్చిన సందేశాలను కేంద్రకం కొంతసేపు నిలిపి, నెమ్మదిగా బయటకు వదలుట వలన కణద్రవ్యంలో ఒడిదుడుకులు తగ్గుతాయని 2015లో రెండు పరిశోధక బృందాలు ప్రకటించినవి. 2018లో లియోర్ వైన్‌బర్గర్ బృందం దీనికి విరుద్ధంగా, అనేక జన్యువులలో కణద్రవ్యపు రొద కేంద్రకంలోని రొద కంటే అధికమని చూపినది. 2020లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు మరొక మార్గాన్ని ప్రతిపాదించారు. కొన్ని ప్రోటీనులు ఒక గాఢతను దాటగానే నీటిలో నూనె బొట్టువలె విడిపోయి చిన్న బిందువులుగా ఏర్పడతాయి. అధికంగా ఉన్నదంతా బిందువులోనికి పోతుంది కనుక బయట గాఢత దాదాపు మారకుండా నిలుస్తుంది.

బాహ్య రొదకు కూడా కొన్ని విరుగుడులున్నాయి. పెద్ద కణానికి ఎక్కువ ప్రోటీను కావాలి, చిన్న కణానికి తక్కువ చాలును. క్షీరద కణాలలో కణం పరిమాణంతో పాటు అనులేఖనం కూడా పెరిగి గాఢత నిలకడగా ఉండేటట్లు చేస్తున్నదని 2015లో వెల్లడైనది.

అదుపునకు ఉన్న హద్దు

తగినంత తెలివైన ఏర్పాటు ఉంటే రొదను పూర్తిగా తొలగించవచ్చునా? 2010లో ఇయోనిస్ లెస్టాస్, గ్లెన్ విన్నికోంబ్, యోహాన్ పాల్సన్ ఈ ప్రశ్నకు గణితం ద్వారా సమాధానమిచ్చారు. ఏ నియంత్రణ వలయమైనా ముందుగా పరిస్థితిని కొలవాలి. కొలిచేది కూడా అణువులే. వాటి సంఖ్య పరిమితమైనప్పుడు అందే సమాచారమూ పరిమితమే. వలయం ఎంత చాతుర్యంతో నిర్మింపబడినా ఈ హద్దును దాటజాలదు. వారి లెక్క ప్రకారం ఒడిదుడుకును సగానికి తగ్గించటానికి సంకేత అణువుల తయారీని 16 రెట్లు పెంచాలి. పదో వంతుకు తగ్గించటానికి 10,000 రెట్లు పెంచాలి. చాలా కణాలు కొంత రొదతో సరిపెట్టుకొనటానికి కారణం ఈ లెక్కలోనే ఉన్నది.

అయినప్పటికీ అవసరమైన చోట జీవులు ఆశ్చర్యకరమైన ఖచ్చితత్వాన్ని సాధిస్తాయి. పండ్ల ఈగ పిండంలో తల నుండి తోక వైపు క్రమంగా తగ్గే బైకాయిడ్ అనే ప్రోటీను గాఢతను బట్టి ప్రతి కేంద్రకమూ తాను ఎక్కడ ఉన్నదో గుర్తిస్తుంది. పక్కపక్క కేంద్రకాల మధ్య గాఢతలో తేడా పది శాతం మాత్రమే. ఆ స్వల్ప తేడాను అవి సరిగ్గా చదువుతున్నాయని ప్రిన్‌స్టన్ శాస్త్రజ్ఞులు 2007లో చూపారు.

ఏది రొద కాదు

విద్యార్థులు తరచుగా పొరబడే అంశం ఒకటి ఇక్కడ ఉన్నది. జీవుల మధ్య కనిపించే ప్రతి తేడా రొద కాదు. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందినే తీసుకొందాము. ఒకే చేనులోని రెండు కంది మొక్కలు ఎత్తులోను, కాయల సంఖ్యలోను వేరుగా ఉండవచ్చును. కంది పువ్వులలో తేనెటీగల వలన కొంతమేరకు పరపరాగ సంపర్కం జరుగుతుంది కనుక విత్తనాలలోనే జన్యుభేదాలు ఉంటాయి. హైదరాబాదు సమీపంలోని పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ నాయకత్వంలో కంది జన్యుపటం వెలువడిన తరువాత, అనగా 2011 తరువాత, ఆ భేదాలను నేరుగా చదవటం సాధ్యమైనది. నేల లోతు, తేమ, పురుగు తాకిడి కలిగించే తేడాలు పరిసరాల లెక్కలోనివి. జన్యువులూ పరిసరాలూ సమానమైన తరువాత కూడా మిగిలే తేడాయే రొద. మొక్కలో లక్షలాది కణాల సగటు కనిపిస్తుంది కనుక ఒక్కొక్క కణపు రొద చాలావరకు కంటికి ఆనదు. జీవి అంతా ఒకే కణమైనప్పుడు మాత్రం సగటు అనే రక్షణ లేదు.

రొదను వాడుకొనే క్రిములు: క్షయ వ్యాధి

ఏకకణ జీవికి రొద ఒక్కొక్కప్పుడు మేలుచేస్తుంది. రేపు ఏ ఆపద రానున్నదో తెలియనప్పుడు అందరూ ఒకే విధంగా ఉండటం కంటే కొందరు వేరుగా ఉండటం వంశానికి క్షేమం. 1944లో జోసెఫ్ బిగ్గర్ స్టాఫిలోకాకస్ క్రిములపై పెన్సిలిన్ ప్రయోగించినప్పుడు కొద్దిపాటి క్రిములు ఎప్పుడూ మిగిలిపోవటాన్ని గమనించాడు. వాటిని తిరిగి పెంచితే వచ్చిన సంతానం పెన్సిలినుకు మామూలుగానే చనిపోయినది. అనగా వాటి జన్యువులు మారలేదు. ఆ సమయానికి అవి వేరే స్థితిలో ఉన్నాయి, అంతే. వీటిని మొండి కణాలు అనవచ్చును. 2004లో నథాలీ బలబాన్ బృందం ఇ.కోలైలో ఇటువంటి కణాలు మందు వేయక ముందే నెమ్మదిగా పెరిగే స్థితిలో ఉన్నాయని సూక్ష్మదర్శిని కింద చూపినది. హిప్ఏ అనే విష ప్రోటీను పరిమాణం యాదృచ్ఛికంగా ఒక హద్దును దాటిన కణాలు నిద్రాణస్థితిలోనికి పోతాయని 2010లో తేలినది.

మొండి కణాలకూ మందుకు నిరోధకత పొందిన క్రిములకూ గల తేడాను గుర్తుంచుకొనవలెను. నిరోధకత ఉత్పరివర్తనం వలన వచ్చి సంతానానికి సంక్రమిస్తుంది. మొండితనం తాత్కాలికం, సంతానానికి స్థిరంగా పోదు. కానీ చికిత్స మధ్యలో ఆగినప్పుడు బ్రతికిన మొండి కణాలు తిరిగి వృద్ధిచెంది రోగాన్ని తిరగబెట్టగలవు. ఆ వృద్ధిలో నిరోధకత గల క్రిములు పుట్టే అవకాశమూ ఉన్నది.

వికారాబాదు పట్టణానికి ఆనుకొని ఉన్న అనంతగిరి కొండలు మూసీ నది జన్మస్థానం. అక్కడి అడవి గాలి ఆరోగ్యకరమని పేరుపొందినది. వికారాబాదు గాలి లక్షల రోగులకు మందు అనే అర్థం వచ్చే ఉర్దూ నానుడి ఈ ప్రాంతంలో నేటికీ వినిపిస్తుంది. నిజాం కాలంలో ఈ కొండ మీద క్షయ రోగుల కొరకు శానిటోరియం ఏర్పడినది. అప్పటికి విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారం ఇవే ప్రధాన చికిత్స. 1944లో ప్రకటింపబడిన స్ట్రెప్టోమైసిన్, 1952లో వాడుకలోనికి వచ్చిన ఐసోనియాజిడ్ ఈ పరిస్థితిని మార్చినవి. మందులు సక్రమంగా తీసుకుంటే ఇంటి వద్ద చికిత్స కూడా శానిటోరియంలో చికిత్సతో సమానంగా పనిచేస్తుందని మద్రాసులోని క్షయ రసాయన చికిత్సా కేంద్రం 1959లో నిరూపించినది. ఆ కేంద్రమే నేటి చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ. ఆ ఫలితం ప్రపంచవ్యాప్తంగా శానిటోరియంల కాలానికి ముగింపు పలికినది. గాలి మాట ఎట్లున్నా, క్రిములను చంపినది మందులే.

అయితే అదే మందు పరీక్షనాళికలో చాలా క్రిములను కొద్ది రోజులలోనే చంపగలిగినప్పుడు రోగికి నెలల తరబడి ఎందుకు ఇవ్వాలి అనే ప్రశ్న మిగిలినది. ఊపిరితిత్తులలో క్రిములు దాగే గడ్డలు, అక్కడికి మందు సరిగా చేరకపోవటం, ప్రాణవాయువు కొరత వలన క్రిములు నిద్రాణం కావటం ఇందుకు కారణాలు. జన్యు వ్యక్తీకరణలోని రొద వాటికి తోడైన మరొక కారణం.

ఈ విషయంలో మన దేశంలో జరిగిన పరిశోధన చెప్పుకోదగినది. కొల్‌కతాలోని బోస్ సంస్థకు చెందిన జ్యోతి బసు, మాణికుంతల కుండు, ఇంద్రాణి బోస్, వారి సహచరులు 2008లో మైకోబాక్టీరియంలోని రెల్ అనే జన్యువును పరిశీలించారు. ఆహారం కరవైనప్పుడు కణాన్ని పొదుపు స్థితిలోనికి మళ్ళించే జన్యువు ఇది. క్షయ క్రిమి ఒకసారి రెట్టింపు కావటానికి సుమారు 20 గంటలు పడుతుంది, పైగా ప్రమాదకరం. అందుచేత దాని బంధువైన, హానిలేని మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్‌ను వాడారు. రెల్ ప్రమోటరుకు మెరుపు ప్రోటీనును జతచేయగా, కరవు స్థితిలో కణాలు తక్కువ మెరిసేవి, ఎక్కువ మెరిసేవి అని రెండు గుంపులుగా విడిపోయినవి. ఒక మెట్టు మరొకదానిని ప్రోత్సహించే అనుకూల ఫీడ్‌బ్యాక్, దానితో కలిసిన రొద, ఈ రెండే కణాలను ఇటో అటో నెడుతున్నాయని వారు నిరూపించారు. ఒక భౌతికశాస్త్రజ్ఞురాలు, జీవరసాయన శాస్త్రజ్ఞులు కలిసి చేసిన ఈ కృషికి మన పాఠ్యపుస్తకాలలో చోటు దొరకవలసి ఉన్నది.

2013లో యూయిచి వాకమోటో, జాన్ మెకిన్నీ మొదలైనవారు స్విట్జర్లాండులోని లోజాన్ నగరంలో ఐసోనియాజిడ్ మీద చేసిన ప్రయోగం మరింత ఆసక్తికరం. ఐసోనియాజిడ్ దానికదే క్రిమిని చంపదు. క్రిమిలోని కాట్‌జి అనే ఎంజైము దానిని విషంగా మారుస్తుంది. క్రిమి తన మృత్యువును తానే తయారుచేసుకుంటున్నదన్నమాట. కాట్‌జి స్మెగ్మాటిస్ కణాలలో నిలకడగా కాక, అప్పుడప్పుడు విడతలుగా వెలువడుతున్నట్లు వారు గమనించారు. విడత వచ్చిన కణం చనిపోయే అవకాశం ఎక్కువ, రాని కణం బ్రతికే అవకాశం ఎక్కువ. బ్రతికిన కణాలు నిద్రపోవటం లేదు, విభజన చెందుతూనే ఉన్నాయి. పైకి క్రిముల సంఖ్య మారనట్లు కనిపించినా, లోపల కొన్ని చస్తూ కొన్ని పుడుతూ ఉన్నాయి. మొండి కణాలంటే నిద్రాణ కణాలే అనే అభిప్రాయాన్ని ఈ ప్రయోగం సడలించినది. ఇది స్మెగ్మాటిస్‌లో చూసినది కనుక రోగి శరీరంలోని క్షయ క్రిమికి యథాతథంగా వర్తింపజేయటంలో జాగ్రత్త అవసరం.

ఒకే మందును తప్పించుకొనే కణం, వేరే మార్గంలో పనిచేసే మరొక మందును కూడా అదే సమయంలో తప్పించుకొనే అవకాశం తక్కువ. మందులకు లొంగే ఊపిరితిత్తుల క్షయకు భారతదేశంలో మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్ అనే నాలుగు మందులను, తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మిగిలిన మూడింటిని ప్రతిదినం ఇస్తున్నారు. మొదటి నెలలోనే దగ్గు, జ్వరం తగ్గటం వలన రోగులు మందు మానుతుంటారు. అప్పటికి చనిపోయినవి సులువుగా చనిపోయే క్రిములు మాత్రమే. రిఫాపెంటిన్, మాక్సిఫ్లాక్సాసిన్‌లతో కూడిన నాలుగు నెలల చికిత్స ఆరు నెలల చికిత్సకు తీసిపోదని 2021లో ఒక అంతర్జాతీయ పరీక్ష చూపినది. కాలవ్యవధిని ఇంకా తగ్గించే ప్రయత్నాలలో భాగంగా, క్రిములలోని తేడాలనే తగ్గించే మందుల కొరకు కూడా పరిశోధకులు వెదకుతున్నారు. స్మెగ్మాటిస్‌లో లామ్ఏ అనే ప్రోటీను విభజన సమయంలో రెండు పిల్లకణాలను అసమానంగా పెరిగేటట్లు చేస్తున్నదని, అది లేని క్రిములు ఒకే తీరుగా పెరిగి మందులకు మరింత సమానంగా, త్వరగా లొంగుతున్నాయని 2017లో వెల్లడైనది.